టోపోషీటు మీది త్రిభుజాలు

మా ఆఫీసులో టోపోషీట్ల బీరువా తాళం చాలా ఏళ్లు నా దగ్గరే ఉండేది. షీటు ఇచ్చేటప్పుడు రిజిస్టరులో సంతకం తీసుకోవడం, తిరిగి వచ్చినప్పుడు చిరిగిందేమో చూడటం, ఇంతే నా పని. గోధుమరంగు గీతలు ఎత్తులనీ, ఆకుపచ్చ అడవి అనీ చూసి చూసి తెలిసింది. కొన్ని కొండల నెత్తిన నడుమ చుక్కతో చిన్న త్రిభుజం, పక్కన ఎత్తు అంకె ఉండేవి. వాటి కథ రిటైరయ్యాక గానీ చదవలేదు.

1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర విలియం లాంబ్టన్ ఒక ఆధారరేఖను గొలుసుతో కొలిచాడు. ఒక భుజం, రెండు కోణాలు తెలిస్తే మిగతా భుజాలు లెక్కకు వస్తాయి. మనం హైస్కూల్లో చదివిందే. అలా త్రిభుజం పక్కన త్రిభుజం పేర్చుకుంటూ పోతే అడవిలో గొలుసు పరచనక్కర్లేదు. కానీ కొండకు కొండ కనపడాలి. శిఖరం మీద చెట్లు కొట్టాలి, జెండా నిలపాలి, బరువైన థియోడలైటును పైకి మోయాలి. ఈ కొనలు స్థిరపడ్డాకే ప్లేన్ టేబుల్ సర్వేయరు వాగులు, గుట్టలు, దారులు గీసేది.

కృష్ణా గోదావరుల నడుమ అడవి కొండలకు లాంబ్టన్ 1819లో తన కొత్త సహాయకుడు జార్జి ఎవరెస్టును పంపాడు. ఎండాకాలం దుమ్ముకు దూరం కనపడదు. వానలు పడ్డాక గాలి కడిగినట్టుంటుంది. అందుకని వానాకాలంలోనే పని. అదే కొంప ముంచింది. జ్వరాలు పట్టుకుని సుమారు 150 మంది పడిపోయారు. హైదరాబాదు నుంచి డోలీలు, బండ్లు, ఏనుగులు పంపి వాళ్లను తీసుకురావలసి వచ్చింది. దారిలోనే 15 మంది పోయారు.

మరుసటి ఏడు ఎవరెస్టు మళ్లీ వెళ్లాడు, మళ్లీ జ్వరపడ్డాడు. కోలుకోవడానికి 1820లో ఓడెక్కి దక్షిణాఫ్రికాలోని కేప్‌కు పోయాడు. మన భాషలో చెప్పాలంటే మెడికల్ లీవు. జెండా పట్టుకున్న ఖలాసీకి ఏ ఓడ?

అడవిగాలి చెడ్డదని అప్పటి వైద్యులు నమ్మేవారు. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది సికింద్రాబాదులోనే! ఆ రోగులను మోసుకొచ్చిన ఊరి పక్కన, 78 ఏళ్ల తరువాత. వాళ్లను చంపింది మలేరియాయే అని నా అభిప్రాయం.

ఎవరెస్టు 1830లో సర్వేయర్ జనరల్ అయ్యాడు. 1865లో హిమాలయాల్లో అన్నిటికంటే ఎత్తయిన శిఖరానికి ఆయన పేరు పెట్టారు. మన కొండలలో పోయినవాళ్లకు మిగిలింది ఆ అంకె, 15.

ఆ అడవుల షీట్లు నా చేతుల మీదుగా ఎన్నిసార్లు పోయివచ్చాయో. చిరిగాయా లేదా అనే చూశాను.