కనుపర్తి వరలక్ష్మమ్మ

కనుపర్తి వరలక్ష్మమ్మ (1896–1978) బాపట్లలో పుట్టి, అక్కడే జీవించి, కథ, నవల, వ్యాసం వంటి పలు ప్రక్రియల్లో రచనలు చేసిన తొలితరం తెలుగు రచయిత్రి. ‘వసుమతి’ ఆమె నవల. ‘కుటీరలక్ష్మి’ చేనేత కుటుంబ జీవితాన్ని చిత్రించిన కథ. అయితే ఆమె ప్రతిభ పూర్తిగా వికసించింది ‘శారద లేఖలు’లోనే: వైద్యుడు కె.ఎన్. కేసరి 1928లో మద్రాసులో స్థాపించిన ‘గృహలక్ష్మి’ మాసపత్రికలో, శారద తన స్నేహితురాలు కల్పలతకు రాస్తున్నట్టుగా సాగిన ఈ లేఖలు బాల్యవివాహ నిషేధం, విడాకులు, ఖద్దరు వంటి విషయాలను ఇంటి ఆడవారు మాట్లాడుకునే భాషలోనే చర్చించాయి. 1931లో బాపట్లలో ఆమె స్త్రీ హితైషిణీ మండలిని నెలకొల్పారు. 1934లో ‘గృహలక్ష్మి’ పత్రిక తరఫున రచయిత్రులకిచ్చే సత్కారమైన గృహలక్ష్మి స్వర్ణకంకణాన్ని మొదటిగా అందుకున్నారు.