పేరులేని భాగస్వామి

ఒక వ్యాపారము వృద్ధిపొందిన పిమ్మట దాని చరిత్రను చెప్పువారు సామాన్యముగా యజమాని పేరుతో ప్రారంభింతురు. అతని తెలివి, సాహసము, కష్టము వర్ణింపబడును. అప్పిచ్చిన షావుకారు పేరు కూడ పత్రములలో నిలిచియుండును. కాని తొలినాళ్ళలో మెడలోని బంగారమును తీసి ఇచ్చిన దెవరు? చేతిలో రొక్కము లేని నెలలలో ఇల్లు నడిపిన దెవరు? ఇక చాలునని యజమానియే చతికిలబడిననాడు మఱల లేవనెత్తిన దెవరు? ఈ ప్రశ్నలకు చిట్టా ఆవర్జాలలో సమాధానము దొరకదు. అది కొంతవఱకైనను దొరికిన చరిత్ర యొకటి జర్మనీ దేశమున కలదు. మీ ఊరి బాటమీద పోవు మోటారుబండికి మూలపురుషుడని చెప్పబడు కార్ల్ బెంజ్ ఇంటి చరిత్ర యది.

బెంజ్ 1886 జనవరి 29వ తేదీన మూడు చక్రముల మోటారుబండికి పేటెంటు హక్కు కోరెను. ఆ తేదీని లోకము మోటారుబండి పుట్టినరోజుగా ఎంచుచున్నది. కాని ఆ బండికి పెట్టుబడి అంతకు పదునైదేండ్లకు ముందే, ఒక కన్య ధనముతో ఆరంభమైనది.

ఆమె పేరు బెర్తా రింగర్. 1849 మే 3వ తేదీన ఫోర్ట్‌స్‌హైమ్ పట్టణమున జన్మించెను. తండ్రి వడ్రంగము నేర్చి, ఇండ్లు కట్టించి సంపన్నుడైనవాడు. ఇంటి బైబిలు గ్రంథమున ఆమె పుట్టుకను వ్రాయుచు, మరల ఆడపిల్లయే గదా యని విచారము వెలిబుచ్చిన మాటను ఆమె తరువాత చూచినదని చెప్పుదురు. ఆమెకు యంత్రములయందు ఆసక్తి మెండు. కాని ఆమె జన్మించిన బాడెన్ రాజ్యమున స్త్రీలకు విశ్వవిద్యాలయముల ద్వారములు 1900వ సంవత్సరముగాని తెరవబడలేదు.

1871లో కార్ల్ బెంజ్ మాన్‌హైమ్ నగరమున ఆగస్ట్ రిట్టర్ అను భాగస్వామితో కూడి చిన్న యంత్రశాల నొకదానిని పెట్టెను. రిట్టర్ నమ్మదగినవాడు కాకపోయెను. అతని భాగము కొనివేయనిదే శాల నిలువదు. కొనుటకు బెంజ్‌వద్ద ధనము లేదు. అప్పటికి బెర్తాతో అతనికి వివాహము నిశ్చయమైయున్నది గాని జరుగలేదు. పెండ్లికై తండ్రి తన కిచ్చు ధనమును, మన పెద్దలు స్త్రీధన మనుదానివంటి దానిని, బెర్తా ముందుగనే తీసికొని ఆ శాలను నిలిపెను. వివాహము 1872 జూలై 20వ తేదీన జరిగినది. నాటి చట్టమునుబట్టి, పెండ్లియైన స్త్రీ ధనముపై పెత్తనము భర్తది. కనుక ఆమె ధనముతో నిలిచిన శాలలో ఆమెకు పేరుగాని పదవిగాని లేకపోయెను.

శాల నిలిచినదేగాని కలిసిరాలేదు. 1873లో ఐరోపా యందంతట వ్యాపారము కుప్పకూలెను. 1877 నాటికి అప్పులవాళ్ళు పనిముట్లను సైతము జప్తుచేయించు స్థితి వచ్చినది. అప్పటికి ఇంట ముగ్గురు బిడ్డలు. బెర్తా పుట్టింటికి పోలేదు. మగనిని కూలికి పొమ్మనలేదు. నాలుగు ఘాతముల ఇంజను హక్కు వేరొకని కుండుటచే బెంజ్ రెండు ఘాతముల గ్యాసు ఇంజనును తయారుచేయ పూనుకొనెను. ఎన్నిమారులు త్రిప్పినను అది నిలిచి నడువలేదు. 1879 డిసెంబరు 31వ తేదీ రాత్రి, భోజనములైన పిమ్మట, ఇంకొకమారు చూతమని భర్తను శాలకు తోడుకొని పోయినది బెర్తాయే. ఆ రాత్రి ఇంజను ఆగక నడిచెను. ఆ చప్పుడు వినుచు దంపతులిద్దరును చాలసేపు నిలిచియుండిరట. ఆ కుటుంబము కష్టములు గట్టెక్కుటకు అదియే ఆరంభము.

1883లో మాక్స్ రోజ్, ఎస్‌లింగర్ అను వర్తకులు చేరగా బెంజ్ అండ్ కంపెనీ ఏర్పడెను. కర్మాగారములకు గ్యాసు ఇంజనులు చేసి అమ్ముట దాని జీవనాధారము. మోటారుబండి బెంజ్ స్వప్నము; కాని ఆ బండిపై వ్యయము చేయుటకు భాగస్వాములు జంకుచుండిరి. వారి జంకు అకారణము కాదు. పేటెంటు వచ్చి రెండేండ్లు గడిచినను బండిని కొనువారు లేరు. గుర్రములేని బండి నడివీధిలో ఆగిపోయిన నేమిగతి యని జనులకు భయము. బెంజ్ యంత్రము నెరిగినవాడేగాని జనుల నెరిగినవాడు కాడు. ఎంత సరిచేసినను ఇంకను సరిచేయవలసినది మిగిలియున్నదనియే అతని భావము.

1888 ఆగస్టు మాసమున ఒకనాటి వేకువను, భర్త నిద్ర లేవకముందే, బెర్తా తన కుమారులు ఇద్దరితో బండి నెక్కెను. పెద్దవాడు ఆయిగెన్‌కు 15 ఏండ్లు. రెండవవాడు రిఖార్డ్‌కు 14వ యేడు. పోవలసినది ఫోర్ట్‌స్‌హైమ్‌లోని పుట్టింటికి, సుమారు 65 మైళ్ళు. అప్పటివఱకు ఆ బండి ఊరి పొలిమేరలలో కొద్ది దూరము మాత్రమే నడిచియుండెను. ఇంత దూరము మోటారుబండిపై పోయినవారు అంతకుముందు లోకమున లేరు.

దారిలో ఇంధనము తరిగిపోయెను. పెట్రోలు అంగళ్ళు లేని దినములవి. వీస్‌లోఖ్ అను ఊరిలో మందుల దుకాణమున, బట్టల మరకలు తీయుటకు అమ్ము లిగ్రోయిన్ అను ద్రవమును కొని పోసికొనిరి. ఇంజను వేడికి నీరు ఆవిరియై పోవుచుండుటచే వాగులలోను బావులలోను నీరు తెచ్చి మాటిమాటికి నింపవలసివచ్చెను. ఇంధనపు గొట్టము మూసికొనిపోగా బెర్తా టోపీకి పెట్టుకొను సూదితో పొడిచి శుభ్రపరచెను. నిప్పురవ్వ పుట్టించు తీగపై తొడుగు అరిగిపోగా మేజోళ్ళకు కట్టుకొను పట్టీని దానికి చుట్టెను. గొలుసును ఒక కమ్మరిచేత బాగుచేయించిరి. మిట్టలు వచ్చినప్పుడు దిగి బండిని త్రోసిరి. పల్లములలో చెక్క బ్రేకులు అరిగిపోగా, ఒక ఊరి చెప్పులు కుట్టువానిచే ఆ చెక్కలకు తోలు వేయించెను. చీకటిపడు వేళకు పుట్టిల్లు చేరి, క్షేమముగా వచ్చితిమని భర్తకు తంతి పంపెను.

దీనిని ఒక ఇల్లాలి విహారయాత్రగా చెప్పుకొనుట పరిపాటి. యోచించిచూడగా ఇది ఒక వ్యాపారికి అత్యవసరమైన మూడు పనులను ఒక్కదినమున చేసినది. మొదటిది పరీక్ష: బండిలో ఏది ఎక్కడ చెడునో దారియే చెప్పెను. మిట్ట లెక్కుటకు గేరు చాలదని తెలిసి బెంజ్ మరియొక గేరును చేర్చెను. రెండవది ప్రకటన: దారిపొడవునను జనులు కండ్లార చూచిరి. మూడవది విశ్వాసము: ఒక స్త్రీయు ఇద్దరు బాలురును నడపగలిగిన బండి ఎవరైనను నడపగలిగినదే యని తేలినది. ఆ సంవత్సరముననే మ్యూనిక్ ప్రదర్శనమున ఆ బండికి స్వర్ణపతకము లభించెను.

పిమ్మటి వృద్ధిని అంకెలే చెప్పును. 1890లో 50 మంది పనివారున్న కంపెనీలో 1899 నాటికి 430 మంది యుండిరి. ఆ ఒక్క సంవత్సరమున 572 బండ్లు తయారైనవి. 1926లో అది డైమ్లర్ కంపెనీతో ఏకమైనది.

ఇంత జరిగినను చాలకాలము ఆమె పేరు చరిత్రలో అడుగున పడియుండెను. 1925లో వెలువడిన తన జీవితచరిత్రలో బెంజ్ ఆ ఋణమును దాచలేదు. అందరును విడిచిన దినములలో తనతో నిలిచినది భార్యయొక్కతెయే యని ఒప్పుకొనెను. ఆయన 1929లో గతించెను. కార్ల్‌స్రూయె సాంకేతిక విద్యాలయము 1944 మే 3న, ఆమె 95వ జన్మదినమున, గౌరవపదవి నొసగెను. రెండు దినములకే, మే 5న, ఆమె కన్నుమూసెను. అమెరికా దేశపు మోటారు పరిశ్రమ కీర్తిమందిరమున బెంజ్ పేరు 1984లో చేరగా, బెర్తా పేరు 2016లో చేరినది. ఒకే ఇంటివారికి నడుమ 32 ఏండ్ల ఎడము.

గ్రామమున పెద్దరికము వహించిన మీకు ఈ ఎడమును గూర్చి చెప్పవలసియున్నది. మన మగ్గముల ఇండ్లలో నేతగాడు ఒక్కడే బట్ట నేయడు. కండెలు చుట్టునది, నూలు సరిచేయునది ఆ ఇంటి ఇల్లాలు. కూలి లెక్క మాత్రము మగవాని పేరనే పడును. కుమ్మరి ఇంట మన్ను త్రొక్కునది, కిరాణా కొట్టులో మధ్యాహ్నపు బేరము చూచునది ఎవరో మీరెరుగుదురు. పుస్తెలతాడు తాకట్టుపెట్టి తెచ్చిన రూకలతో కొట్టు తెరచినవారును మన ఊళ్ళలో కొల్లలు. దీనిని మనము సహాయ మందుము. సహాయము చేసినవానికి దండముపెట్టి పంపవచ్చును. భాగస్వామికి లెక్క చెప్పవలయును.

1956 నాటి హిందూ వారసత్వ చట్టము తన 14వ విభాగమున, స్త్రీ ఆస్తికి ఆమెయే పూర్ణస్వామిని యని నిర్ణయించినది. కాని కొట్టులో కరగిపోయిన నగకు కాగితమేది? అన్నదమ్ములు పంపకములకు వచ్చినప్పుడు, యజమాని గతించి అప్పులవాళ్ళు గుమ్మము త్రొక్కినప్పుడు, ఆ నగమాట నోటిమాటగనే మిగిలిపోవును. సాక్ష్యము లేనిచోట ధర్మమెరిగిన పెద్దలును ఏమి చేయగలరు?

కనుక తగవు వచ్చిన పిమ్మట వెదకుటకంటె, కొట్టు తెరచిననాడే ఆవర్జాలో తొలి పుటయందు ఒక పంక్తి వ్రాయించుడు: ఇల్లాలి పేర జమ, ఇంత బంగారము, ఇంత రొక్కము, ఫలానా తేదీ అని. కొడుకు పేర, బావమరది పేర వ్రాయుటకు వెనుదీయని కలము, ఈ ఒక్క పేరునొద్ద ఆగవలసిన పనిలేదు.