నాలుగక్షరాల ఊరు, 30 బైట్ల ఒప్పందం

ఒంగోలుకు తూర్పున, బంగాళాఖాతపు ఒడ్డున ఉన్న ఊరు కొత్తపట్నం. 1937 వేసవిలో అక్కడ తలపెట్టిన రాజకీయ పాఠశాలను నాటి ప్రభుత్వం నిషేధించడంతో ఆ పేరు చరిత్రకెక్కింది. ఈ వ్యాసం మాత్రం ఆ పాఠశాల గురించి కాదు. ఆ ఊరి పేరు మీట నొక్కిన వేలి నుండి చదువరి కంటిదాకా ఎలా చేరుతున్నది, ఆ దారి ఏర్పడటానికి ఎన్నేళ్ళు పట్టింది అన్నదే ఇక్కడి విషయం.

కంటికి అది నాలుగక్షరాలు: కొ, త్త, ప, ట్నం. లేఖినిలో రాసేవారికి 11 ఇంగ్లీషు అక్షరాలు. యూనికోడులో 10 సంకేతాలు: క, ఒత్వం, త, పొల్లు, త, ప, ట, పొల్లు, న, సున్న. యూటీఎఫ్-8 పద్ధతిలో దాచితే 30 బైట్లు. ఖతి చేతిలో పడ్డాక మళ్ళీ నాలుగక్షరాలు. ఇన్ని రూపాలు మారినా పేరు చెడకుండా వస్తున్నదంటే, ఈ గొలుసులోని ప్రతి లంకె తన పక్క లంకెతో ఒక మాటకు కట్టుబడి ఉన్నదన్న మాట.

ధ్వనినీ దృశ్యాన్నీ నడిపే సాఫ్ట్‌వేర్లలో ఈ సంగతి మరింత స్పష్టంగా కనిపిస్తుంది. జీస్ట్రీమర్ వంటి వ్యవస్థలో ప్రతి భాగమూ తానే రూపాల్లో ఇవ్వగలదో, ఏ రూపాల్లో పుచ్చుకోగలదో ముందే ప్రకటిస్తుంది. ఇరుగుపొరుగు భాగాలు రెండు జాబితాలనూ పోల్చుకుని, ఉమ్మడిగా ఉన్న రూపాన్ని ఎంచుకుంటాయి. ఉమ్మడి రూపం లేకపోతే నడుమ ఒక మార్పిడి యంత్రాన్ని పెట్టాలి. అదీ లేకపోతే గొలుసు నడవదు, తప్పు జరిగిందని చెప్పి ఆగిపోతుంది. ఆ ఆగిపోవడం కూడా ఒక మేలే. తెలుగు రాతకు చాలాకాలం ఆ మేలు దక్కలేదు.

1990ల తొలినాళ్ళలో అంతర్జాలంలో తెలుగువారికి దొరికిన ఉమ్మడి రూపం ఇంగ్లీషు లిపి ఒక్కటే. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనందకిశోర్ రూపొందించిన ఆర్టీయస్ ఆ లిపితోనే ఒక కట్టుబాటు తెచ్చింది. అందులో చిన్న టీ అంటే త, పెద్ద టీ అంటే ట, టీ పక్కన హెచ్ చేరితే థ. ఊరి నామఫలకం మీద ఇంగ్లీషులో ఉండే రాతను అలాగే ఆర్టీయస్‌కు అందిస్తే 'కొథపత్నమ్' అని వస్తుంది. యంత్రం తప్పు చేయలేదు, మనిషి తప్పు చేయలేదు. ఇద్దరూ రెండు వేర్వేరు ఒడంబడికలు పాటించారు, అంతే.

ఇంతలో భారతదేశంలో ఇస్కీ అనే ప్రమాణం వచ్చింది. 1991లో అది ఐఎస్ 13194గా స్థిరపడింది. బ్రాహ్మి నుండి పుట్టిన లిపులన్నిటికీ ఒకే సంకేతపట్టిక అన్నది దాని మూలసూత్రం. అదే ఏడాది వెలువడిన యూనికోడు, ఇస్కీ 1988 నాటి రూపాన్ని ఆధారం చేసుకుని, ఒక్కొక్క లిపికి 128 గదుల చొప్పున విడివిడిగా కేటాయించింది. వరుస మాత్రం చెడలేదు. దేవనాగరి 'క' సంఖ్య 2325, తెలుగు 'క' సంఖ్య 3093, తేడా 768. 'త'కైనా 'ప'కైనా అదే తేడా.

అయితే కాగితం మీది ప్రమాణం తెర మీదికి రావడానికి పదేళ్ళు పట్టింది. విండోస్‌లో తెలుగుకు గౌతమి ఖతి తోడుగా వచ్చింది 2001 నాటి ఎక్స్‌పీతోనే. ఈలోపు పత్రికలు ఆగలేకపోయాయి. ఈనాడు, వార్త వంటివి తమ తమ సొంత ఖతులతో జాలంలోకి వచ్చాయి. ఆ పేజీల్లో నిలవ ఉన్నవి తెలుగు అక్షరాలు కావు. ఐరోపా అక్షరాల స్థానాల్లో అమర్చిన తలకట్లు, గుడులు, కొమ్ములు, ఒత్తులు. ఒక ఖతిలో తలకట్టున్న చోట మరొక ఖతిలో ఒత్తు ఉండేది.

ఇక్కడ జరిగింది ఒప్పందం కుదరకపోవడం కన్నా చేటైనది. 1997 నాటి హెచ్‌టీటీపీ 1.1లోనే విహరిణి తనకు తెలిసిన లిపిసంకేతాలను సర్వరుకు చెప్పుకునే ఏర్పాటూ, సర్వరు తానేది పంపుతున్నదో ప్రకటించే ఏర్పాటూ ఉన్నాయి. ఖతుల పేజీలు విహరిణి కంటికి ఐరోపా రాతలే. విహరిణి నమ్మింది, శోధన యంత్రమూ నమ్మింది. ఖతి దించుకున్నవారికి తెలుగు కనబడింది, లేనివారికి గజిబిజి కనబడింది. ఎక్కడా గొలుసు ఆగలేదు, ఎవరూ తప్పని చెప్పలేదు. కానీ ఆ పేజీల్లో కొత్తపట్నం అని వెదికితే కొత్తపట్నం దొరకదు. కారణం, అక్కడ ఆ పదమే లేదు, దాని బొమ్మ మాత్రమే ఉన్నది.

ఆ లోటు తీర్చడానికి వచ్చినవే మన మార్పిడి యంత్రాలు. నాగార్జున వెన్న రూపొందించిన పద్మ, ఆ ఖతుల రాతను ఫైర్‌ఫాక్సులోనే యూనికోడుగా మార్చి చూపింది. 2006లో వీవెన్ అందించిన లేఖిని, ఆర్టీయస్ తెలిసిన వేళ్ళను నేరుగా యూనికోడుతో కలిపింది. దేశికాచారి గారి పోతన, వేమన ఖతులు తెరకు అందం తెచ్చాయి. ఇవన్నీ జీతం కోసం చేసిన పనులు కావు. గొలుసులో తెగిన చోటల్లా ఎవరో ఒకరు కూర్చుని లంకె వేశారు.

ఉమ్మడి రూపం కుదిరాక కూడా చిక్కులు తీరిపోలేదు. యూటీఎఫ్-8 రాతను పడమటి దేశాల సంకేతంగా పొరబడి చదివితే ఒక్క 'క' మూడు ముక్కలవుతుంది: నెత్తిన గీతతో ఒక చిన్న ఏ, ఒక డిగ్రీ గుర్తు, ఒక బొట్టు. తొలినాళ్ళ బ్లాగరులకు ఈ దృశ్యం చిరపరిచితం. 2018 ఫిబ్రవరిలో మరొకటి జరిగింది. జ, పొల్లు, ఞ, కంటికి కనబడని విడదీత గుర్తు, దీర్ఘం వరుసగా వస్తే ఐఫోనులోని అనువర్తనాలు కుప్పకూలాయి. సంకేతాల పరంగా ఆ వరుసలో దోషం లేదు. వాటిని బొమ్మగా అమర్చవలసిన చివరి లంకె తడబడింది. ఆపిల్ సంస్థ 11.2.6 కూర్పుతో దాన్ని సరిదిద్దింది.

నేడు విహరిణులు 'నీకే లిపిసంకేతం కావాలి' అన్న ప్రస్తావనే సర్వరు దగ్గర తేవడం మానేశాయి. అందరూ యూటీఎఫ్-8కు చేరాక అడగవలసిన పని లేకపోయింది. కుదిరిన ఒప్పందం కంటికి కనబడదు.

కానీ మార్పిడి యంత్రాలకూ ఆయుష్షు ఉంటుంది. 2017లో ఫైర్‌ఫాక్సు పాత తరహా పొడిగింతలను పూర్తిగా విడిచిపెట్టింది. ఖతుల కాలంలో రాసిన కథలు, సంపాదకీయాలు, ఊళ్ళ చరిత్రలు ఎవరి డిస్కులోనైనా ఇంకా ఉంటే, వాటికి ఆ ఖతే తాళంచెవి. ఖతి పోతే రాత పోయినట్లే. అటువంటి దస్త్రాలు ఉన్నవారు ఖతినీ, దాని పేరునూ దస్త్రంతో పాటే దాచాలి. వీలైనంత త్వరగా యూనికోడులోకి మార్చుకోవాలి. మార్చినదాన్ని ఒకసారి కంటితో సరిచూసుకోవాలి, ఒత్తులూ దీర్ఘాలూ జారిపోయేది అక్కడే గనక. అప్పుడే రేపెవరైనా కొత్తపట్నం అని వెదికితే కొత్తపట్నం దొరుకుతుంది.