రెండక్షరాల పేరు

1930లో ఇద్దరు నల్లజాతి ఆడవాళ్లు అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని గ్రాఫ్టన్ అనే చిన్న ఊరికి వెళ్లి పాటలు రికార్డు చేశారు. ఆ స్టూడియో పారమౌంట్ రికార్డ్స్ వాళ్లది. సినిమాల పారమౌంట్ కాదు, కుర్చీలు తయారుచేసే ఒక కంపెనీ నడిపిన రికార్డుల వ్యాపారం. మొత్తం ఆరు పాటలు, మూడు రికార్డులు. లేబుళ్ల మీద రెండు పేర్లు కనిపిస్తాయి: గీషీ వైలీ, ఎల్వీ థామస్.

ఆర్థికమాంద్యం రోజులు కాబట్టి రికార్డులు కొనేవాళ్లే తక్కువ. కొన్నేళ్లకే పారమౌంట్ మూతపడింది. ఆ మూడు రికార్డుల ప్రతులు ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయి. వాటి నిండా గరగర, ఆ గరగర వెనకనుంచి వినబడే గొంతులు.

కంట్రీ బ్లూస్ అంటే దక్షిణాది పల్లెల్లో పుట్టిన పాట. బ్యాండు ఉండదు, ఒకటో రెండో గిటార్లు, మనిషి గొంతు, అంతే. వైలీ పాడిన 'లాస్ట్ కైండ్ వర్డ్స్ బ్లూస్'లో జర్మనీ యుద్ధానికి వెళ్లే తండ్రి చెప్పిన చివరి మాటలతో మొదలై, పాట చావు చుట్టూ తిరుగుతుంది. గొంతులో ఏడుపు ఉండదు, ఉన్న విషయం చెప్పినట్టు పాడుతుంది. విన్నవాళ్లని వదలనిది అదే అనుకుంటాను. 1994లో వచ్చిన 'క్రంబ్' అనే డాక్యుమెంటరీలో ఈ పాట వినిపించాక, రికార్డులు సేకరించేవాళ్ల గదులు దాటి బయటికొచ్చింది.

పాట దొరికింది గానీ మనుషులు దొరకలేదు. దానికి ఒక కారణం స్పెల్లింగ్. 'ఎల్వీ' అనేది ఆడపిల్ల పేరు అనుకుని లేబుల్ మీద అయిదు ఇంగ్లీషు అక్షరాల్లో అచ్చువేశారు. నిజానికి ఆమె పేరు రెండే అక్షరాలు: ఎల్, వి. అవి దేనికీ పొట్టిరూపం కాదు, ఆమె పేరే అది. తెలుగులో రాస్తే ఈ తేడా కనబడదు. ఎల్వీ ప్రసాద్ అని పలికే మనకి రెండూ ఒకటే. కానీ ఇంగ్లీషు కాగితాల్లో అవి ఇద్దరు వేర్వేరు మనుషులు. మా ఉద్యోగాల్లో రోజూ చూసేదే ఇది: వెతికే మాట తప్పయితే, డేటాబేసులో ఉన్న మనిషిని కూడా లేదంటుంది.

ఆమె మాత్రం ఉంది. టెక్సస్‌లోని హ్యూస్టన్‌లో ఉంది. 1961లో మాక్ మెకార్మిక్ అనే జానపద సంగీత పరిశోధకుడు ఆమెని కలిసి మాట్లాడాడు కూడా. అప్పటికి ఆమె బ్లూస్ వదిలేసి చర్చికి వెళ్లే పెద్దావిడ. ఆ ఇంటర్వ్యూని అతను ప్రచురించలేదు. 2014లో జాన్ జెరమయ్య సల్లివాన్ న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్‌లో రాసేవరకూ లోకానికి తెలియలేదు. గీషీ అసలు పేరు లిల్లీ మే అనీ, 1931 నాటి ఒక మరణ ధ్రువపత్రంలో ఆమె భర్త థార్న్‌టన్ వైలీ కత్తిపోటుతో చనిపోయినట్టూ, పొడిచింది లిల్లీ మే స్కాట్ అన్నట్టూ ఉందనీ ఆ వ్యాసం వల్లే తెలిసింది. పాటలు రికార్డు చేసిన మరుసటి ఏడే.

ఆ ఇంటర్వ్యూ కాగితాలు మెకార్మిక్ అనుమతి లేకుండా బయటికొచ్చాయి. అది న్యాయమా అన్న గొడవ జరిగింది. అతని జీవితకాలపు శ్రమని చెప్పకుండా తీసుకోవడం నాకూ నచ్చదు. అయితే ఆ గొడవలో ఎక్కువగా వినబడింది ఇద్దరు తెల్లవాళ్ల హక్కుల సంగతే. ఎల్వీ థామస్ 1979లో చనిపోయింది. మెకార్మిక్ కలిశాక పద్దెనిమిదేళ్లు బతికింది. ఆ పద్దెనిమిదేళ్లూ బ్లూస్ అభిమానులకి ఆమె ఒక చిక్కుముడి, ఒక దయ్యం.

ఇలాంటి సంగీతకారుల గురించి రాసేటప్పుడు 'అదృశ్యమయ్యారు' అనే మాట సులువుగా వచ్చేస్తుంది. ఆ మిస్టరీ మనకి ఇష్టం, పాటకి అదో అందం తెస్తుందనుకుంటాం. ఎల్వీ థామస్ ఎక్కడికీ పోలేదు. తన ఊళ్లోనే, తన పేరుతోనే ఉంది.