ప్రోనోటు పుట్టుపూర్వోత్తరాలు

ధర్మవరంలో పట్టు, జరీ తెచ్చుకోవాలన్నా, హిందూపురం మార్కెట్లో చింతపండు కొని నిల్వ పెట్టాలన్నా, పెనుకొండ పక్క పల్లెలో బోరు వేయించాలన్నా, చేతిలో డబ్బు చాలనప్పుడు చాలామంది ముందు వెళ్లేది తెలిసినవాళ్ల దగ్గరికే. ‘రెండు రూపాయల వడ్డీ’ అని మాట కుదిరాక ప్రోనోటు అనే అచ్చు కాగితం ఒకటి బయటికి వస్తుంది. పేరు, తండ్రి పేరు, ఊరు, పైకం అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాస్తారు. కింద రెవిన్యూ స్టాంపు, దాని మీదుగా సంతకం. ఇంత చిన్న కాగితంలో రెండు వేల ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. సంతకం పెట్టేవాడికి అది తెలియడం చాలా అవసరం.

ముందు వడ్డీ లెక్క. రెండు రూపాయలంటే నూటికి నెలకు రెండు, ఏడాదికి 24 శాతం. బ్యాంకు 12 శాతం అంటే అది ఏడాది లెక్క, మన భాషలో రూపాయి వడ్డీ. నూటికి నెలకింత అనే ఈ పద్ధతి కౌటిల్యుడి అర్థశాస్త్రంలోనే ఉంది. నూరు పణాలకు నెలకు పణంపావు ధర్మమైన వడ్డీ అన్నాడాయన. వ్యాపారం మీద ఐదు, అడవి దాటి వెళ్లేవారికి పది, సముద్రం మీద వెళ్లేవారికి ఇరవై. సొమ్ము తిరిగి రాదన్న భయం పెరిగేకొద్దీ వడ్డీ పెరగడం అప్పటికే ఉందన్నమాట.

కాగితం వెనక చెల్లు రాయడం కూడా పాతదే. అప్పు తీర్చినప్పుడల్లా ఆ సంగతి పత్రం వెనక రాయాలని, పూర్తిగా తీరాక పత్రం చించేయాలని యాజ్ఞవల్క్య స్మృతి చెప్పింది. దానికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర వ్యాఖ్య రాశాడు. 13వ శతాబ్దంలో మూలఘటిక కేతన దాన్ని ‘విజ్ఞానేశ్వరీయం’గా తెలుగు చేశాడు. అప్పుల న్యాయం తెలుగువాడు తన భాషలో చదువుకోగలిగింది అప్పుడే. ఆ పనికి దక్కవలసినంత పేరు దక్కలేదని నాకనిపిస్తుంది.

నోటు నమూనా మాత్రం లండన్ నుంచి వచ్చింది. అక్కడి కంసాలులు ప్రజల సొమ్ము దాచిపెట్టి రాసిచ్చే చీటీలు చేతులు మారేవి. ఒకరి పేరున ఉన్న చీటీ మీద మరొకరు దావా వేయడం చెల్లదని ప్రధాన న్యాయమూర్తి హోల్ట్ పట్టుబట్టాడు. వర్తకులు గోల పెట్టగా 1704లో పార్లమెంటు చట్టం చేసి ఆ చీటీలకు బలమిచ్చింది. మన దేశానికి 1881లో నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం వచ్చింది. దేశభాషల్లో రాసుకునే హుండీల వంటి వాటికి ఊరి ఆచారాన్నే ఉంచింది. ధర్మవరం, హిందూపురం, పెనుకొండ కోర్టుల్లోనూ ఈ రోజుకీ నోటు దావాలకు ఆధారం ఆ చట్టమే.

ఆ చట్టం ప్రకారం షరతు లేకుండా, ఫలానా మొత్తం ఇస్తానని రాసి సంతకం చేస్తేనే ప్రోనోటు. ‘పట్టుగూళ్లు అమ్ముడుపోయాక ఇస్తాను’ అంటే అది ప్రోనోటు కాదు. ఫలానా అమ్మాయితో పెళ్లయిన ఏడు రోజులకు ఇస్తాననేది కూడా కాదని చట్టమే ఉదాహరణ చూపింది.

‘తమకు గానీ, తమ ఆర్డరు పొందినవారికి గానీ’ అన్న మాట చాలామంది చదవకుండా వదిలేస్తారు. నోటు చేతులు మారవచ్చని స్పష్టంగా చెప్పేది అదే. ఇంకో పని కూడా చేస్తుంది. ప్రోనోటుకు సాక్షులు ఉండాలని చట్టం కోరదు. మనవాళ్లు మాత్రం ఇద్దరి చేత సంతకాలు పెట్టిస్తారు. ఆ మాట లేని కాగితం మీద సాక్షి సంతకం పడితే 1899 స్టాంపు చట్టం లెక్కలో అది బాండు అవుతుంది, సుంకం ఎక్కువ. అడిగినప్పుడు ఇచ్చే ప్రోనోటు సుంకం పైసల్లోనే ఉంటుంది. కానీ ఆ స్టాంపు లేకపోతే తర్వాత జరిమానా కట్టినా నోటు సాక్ష్యానికి పనికిరాదు.

అడిగినప్పుడు ఇచ్చే నోటుకు గడువు రాసిన తేదీ నుంచి మూడేళ్లు. దాటితే మురిగిపోయినట్టే. అందుకే గడువు లోపల కొంత సొమ్ము కట్టించి, వెనక చెల్లు రాయించి, అప్పు పుచ్చుకున్నవాడి సంతకం తీసుకుంటారు. ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు మొదలు. ఐదువందలు కట్టి సంతకం చేసేవాడికి తాను గడువు పెంచుతున్నానని తెలిసి ఉండాలి.

ఒకప్పుడు ప్రభుత్వమే నోట్లలోని అంకెలు తగ్గించింది. ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండగా, రాజాజీ ప్రభుత్వం 1938లో రైతు రుణ విముక్తి చట్టం తెచ్చింది. 1932 అక్టోబరు 1కి ముందు రైతులు చేసిన అప్పుల మీద, 1937 అక్టోబరు 1 నాటికి నిలిచిన వడ్డీ రద్దయింది. అప్పటికే అసలుకు రెండింతలు కట్టి ఉంటే బాకీ మొత్తం తీరినట్టే. వడ్డీ అసలును మించకూడదన్న స్మృతుల నాటి ఆలోచన అందులో కనిపిస్తుంది.

అన్నిటికన్నా ప్రమాదం ఖాళీ నోటు మీద సంతకం. స్టాంపు అంటించిన ఖాళీ కాగితం సంతకం చేసి ఇస్తే, ఆ స్టాంపుకు చెల్లే మొత్తం దాకా నింపుకునే అధికారం పుచ్చుకున్నవాడికి ఇచ్చినట్టేనని 1881 చట్టం 20వ సెక్షన్ అంటుంది. పైకం ముట్టలేదని రుజువు చేసుకునే భారం కూడా సంతకం చేసినవాడి మీదే ముందుగా పడుతుంది. అవసరంలో ఉన్నవాడు ‘తర్వాత రాసుకోండి’ అనడం నాకు బాధ కలిగిస్తుంది. పైకం, వడ్డీ, తేదీ మూడూ నిండాకే సంతకం చేయాలి.

తీర్చేటప్పుడు అదే చట్టంలోని 81వ సెక్షన్ అండగా ఉంది. డబ్బు ఇచ్చే ముందు నోటు చూపించమని అడగవచ్చు, ఇచ్చాక దాన్ని వెనక్కి పుచ్చుకోవచ్చు. పోయిందని అప్పిచ్చినవాడు చెబితే, ముందుముందు ఆ నోటు ఎవరైనా పట్టుకొస్తే కలిగే నష్టానికి తనదే బాధ్యత అని అతని చేత రాయించుకోవచ్చు.