తంతి లేని యాజ్ఞ యెంత దూరము పోవును?

చెవిటివాని ముందు శంఖమూదినట్లని మన పెద్దలొక సామెత చెప్పుదురు. శంఖమెంత గట్టిదైనను వినెడి చెవి లేనిచో ఆ ధ్వని వ్యర్థమే. తంతి లేక పంపెడి సంకేతములు ఎంతదూరము పోవునను ప్రశ్నకు గల చరిత్రయంతయు ఈ సామెతలో నిమిడియున్నది.

మన గ్రామముల బిడ్డలు పెక్కురు నేడు అమెరికా, కెనడా దేశములలో కాపురములుండుట మీరెఱుగుదురు. అచ్చట శీతకాలమున వీధిలోని మోటారుబండి మంచులో గడ్డకట్టుకొనియుండును. అందుచే వారు ఇంటిలో నిలిచియే చేతిలోని చిన్న మీటను నొక్కి బండి యంత్రమును నడిపింతురు. బండి వేడెక్కిన పిమ్మట బయలుదేరుదురు. 2004 సంవత్సరపు షెవ్రోలే మలిబు మొదలుగా కొన్ని బండ్లకు ఈ సదుపాయము కార్ఖానాలోనే అమరుచున్నది. అయితే కొంతకాలము చక్కగా పనిచేసిన మీట యొకనాడు బండికి పదియడుగుల దాపునకు పోయిననే గాని పలుకదు. తప్పు మీటదా, బండిదా, నడుమ నున్న దారిదా? ఈ చిక్కు నిన్నటిది కాదు. నూఱేండ్లకు పైగా మహామహులను వేధించినదే.

1888 ప్రాంతమున జర్మనీ దేశమందలి కార్ల్‌స్రూహె పట్టణమున హైన్రిచ్ హెర్ట్జ్ పండితుడు విద్యుత్తరంగములు కలవని ప్రయోగముచే నిరూపించెను. ఆ తరంగములు గది యీ చివరనుండి యా చివరకు పోవుటయే గొప్ప. వానిని పట్టుటకు ఆయనకున్న సాధనము తీగచుట్ట చివరల నడుమ చీకటిలో కానవచ్చెడి సన్నని నిప్పురవ్వ మాత్రమే. శంఖము పుట్టినది కాని చెవి పుట్టలేదు. 1890లో ఫ్రాన్సు దేశీయుడగు బ్రాన్లీ ఇనుపరజను నింపిన గాజుగొట్టముతో మంచి చెవి నొకదానిని కల్పించెను. మన దేశమున ఆచార్య జగదీశచంద్ర వసువు 1895లో కలకత్తా టౌనుహాలులో మిక్కిలి పొట్టి తరంగములను గోడల గుండ పంపి, దూరముననున్న గంట మ్రోగించి, తుపాకిమందు ప్రేల్చి చూపెను. వార్త నంపుట గాక, దూరమునుండి పని చేయించుట యన్నది ఆ సభలో జరిగినది. నేటి బండిమీటకు అదియొక పూర్వరూపమని చెప్పవచ్చును.

ఆ యేడే ఇటలీలో మార్కోనీ యను యువకుడు పరికరము నొకకొనను ఎత్తున కట్టి, రెండవ కొనను భూమిలో పాతెను. దానితో సంకేతము సుమారు రెండు కిలోమీటర్లు పోయి, కొండ కావలి వారికి సయితము అందెను. అందినదనుటకు గుర్తుగా వారావలినుండి తుపాకి ప్రేల్చిరని చెప్పుదురు. బలము పెంచుట కన్న ఎత్తు పెంచుట మేలని దీనివలన తేలెను. 1901 డిసెంబరు 12న ఇంగ్లండునుండి వచ్చిన సంకేతమును న్యూఫౌండ్‌లాండులో గాలిపటమునకు కట్టిన తీగతో వింటినని ఆయన ప్రకటించెను. ఈ మాటను శంకించువారు నేటికిని కలరు. 1902లో ఫిలడెల్ఫియా యను ఓడపై పరీక్షింపగా రాత్రివేళ రెండువేల మైళ్లకు పైగా వినబడిన సంకేతము పగలు ఏడువందల మైళ్లకే మాయమయ్యెను. పంపినదియు విన్నదియు ఆ పరికరములే, మాఱినది దారి.

1898లో న్యూయార్కున టెస్లా చిన్నపడవను తంతి లేకయే నడిపి చూపెను. 1906లో స్పెయిను దేశపు బిల్బావో రేవున టోర్రెస్ కెవేడో తన రాజు నెదుట పడవను ఒడ్డునుండియే త్రిప్పెను. 1912 నాటి కాడిలాక్ బండికి కెట్టరింగు కల్పించిన విద్యుత్ప్రారంభకము అమరుటతో, ఇనుపకడ్డీతో యంత్రమును త్రిప్పి చేతులు విఱుగగొట్టుకొను బాధ తప్పుట మొదలాయెను. ఈ రెండు విద్యల కూడికయే నేటి మీట.

ఆ 1912లోనే ఏప్రిల్ 14 రాత్రి టైటానిక్ ఓడ మంచుకొండను ఢీకొనెను. చేరువనున్న కాలిఫోర్నియన్ ఓడ తంతి ఉద్యోగి అంతకు కొద్దిముందే మంచును గూర్చి హెచ్చరింపబోగా, టైటానిక్ ఉద్యోగి తన పనికి అడ్డమగుచున్నదని ఊరకుండుమనెను. ఆతడు యంత్రము నాపి నిద్రించెను. సుమారు 58 సముద్రమైళ్ల దూరముననున్న కార్పేథియా ఆ మొఱ విని పరుగున వచ్చి ఏడువందల మందిని రక్షించెను. 1,500 మందికి పైగా మునిగిపోయిరి. దగ్గఱివాడు వినలేదు, దూరపువాడు విన్నాడు. సంకేతదూరము మైళ్లతోనే కొలువదగినది కాదని లోకము నేర్చుకొన్న పాఠమిది. 1914లో లండనున జరిగిన ఒడంబడికలో కొన్ని ఓడలపై నిరంతరము వినువారుండవలెనని నిర్ణయించిరి.

ఇక మన బండికడకు వత్తము. అమెరికాలో ఇట్టి మీటలు పెక్కు సెకనుకు 31.5 కోట్ల కంపనములు గల తరంగమును పంపును. ఐరోపాలోను మన దేశములోను అది సుమారు 43.4 కోట్లు. బయలునందైనను దూరము రెండింతలైనచో బలము నాలుగవ వంతగును. కావున మొదట శంఖమును చూడవలెను: మీటలోని బిళ్లబ్యాటరీ మూడు వోల్టులది, చలికి దాని సత్తువ మఱింత తగ్గును. మార్కోనీ చెప్పినట్లు మీటను తలయెత్తునకు ఎత్తి నొక్కి చూడవలెను. రెండవ మీటయున్నచో దానిని పరీక్షింపవలెను. అది దూరమునుండి పనిచేసినచో దోషము మొదటిదానిది. రెండును పనిచేయనిచో బండిని ఊరిబయట మైదానమునకు కొనిపోయి చూడవలెను. అచ్చట పలికినచో వీధిలోని గోడలో, ఇతర యంత్రముల రొదయో కారణము. అచ్చటను పలుకనిచో బండి చెవియే మందగించినది. దాని గ్రాహకతీగ ఊడియుండవచ్చును, ఇనుపరేకు చాటున నలిగియుండవచ్చును. లేదా అద్దమునకు అతికించిన లోహపు పొర అడ్డియుండవచ్చును.

కడపటిమాట మిక్కిలి ముఖ్యము. జవాబు రాలేదని మఱల మఱల మీట నొక్కువాడు, లోపల బండి కదలినదో లేదో ఎఱుగడు. మూసిన కొట్టములో యంత్రము నడచినచో కార్బను మోనాక్సైడను విషవాయువు నిండును. దానికి రంగు లేదు, వాసన లేదు. ఇంటిలో నిద్రించువారి ప్రాణములే తీయును. మూసిన కొట్టమునందున్న బండికి ఈ మీటను ఉపయోగింపనే రాదు. దూరదేశముననున్న మీ బిడ్డలతో మాటలాడునప్పుడు ఈ సంగతి చెప్పుడు. మార్కోనీ యంతవాడు తుపాకిమ్రోత వినుటకై వేచియుండెను. ఆజ్ఞ యందినదని తెలియువఱకు, ఆజ్ఞ యిచ్చినవాని బాధ్యత తీఱదు.