నోటి ఆరోగ్యం: ఎర్రగుంట్ల పరిసరాలు

నాపరాళ్లకూ సిమెంటు కర్మాగారాలకూ పేరుపడిన ఎర్రగుంట్ల, దాని చుట్టూ ఉన్న ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లో వేపపుల్లది పాత అలవాటు. చివర నమిలి, పీచు తేలాక పండ్లు తోముకుంటారు. వేపకు సూక్ష్మజీవులను అణచే గుణం ఉంది గానీ ఫ్లోరైడ్ పేస్టులా పంటి పైపొరను గట్టిపరచలేదు. బొగ్గు, ఇటుకపొడి వాడితే మాత్రం ఎనామిల్ అరిగి పండ్లు జివ్వుమంటాయి. తెల్లగా మెరిశాయన్న సంబరం అక్కడితో సరి.

1000 నుంచి 1500 పీపీఎం ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో రోజుకు రెండుసార్లు తోముకోమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. మనవాళ్లు ఎగ్గొట్టేది రాత్రిపూటే. నిద్రలో లాలాజలం తగ్గుతుంది. పండ్ల సందుల్లో మిగిలిన తీపిని బాక్టీరియా ఆమ్లంగా మారుస్తుంది, పుచ్చు మొదలవుతుంది.

అదే ఫ్లోరైడ్ తాగునీటిలో మితిమీరితే చేటు. అప్పటి నెల్లూరు జిల్లాలో అలా వచ్చే ఫ్లోరోసిస్ జబ్బును 1937లో పరిశోధకుడు షార్ట్ బృందం వైద్యలోకం దృష్టికి తెచ్చింది. నేడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు గరిష్ఠ పరిమితి.

గుట్కా, ఖైనీ నోటి క్యాన్సర్‌కు దారితీస్తాయి. బుగ్గలో మానని పుండు, తెల్లమచ్చ రెండు వారాలు దాటితే చూపించుకోవాలి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడిపిల్లలకు చేసే పరీక్షల్లో పిప్పిపండ్లూ ఉన్నాయి. జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం ఆ మరుసటి ఏడాదిది. పెద్ద చికిత్స అవసరమైతే ఈ ప్రాంతంవారికి కడపలోనే ప్రభుత్వ దంతవైద్య కళాశాల, ఆసుపత్రి ఉన్నాయి.